పేరు పలకని చుట్టరికం

భునేశ్వరి ఆ ఇంటికి వెళ్ళగానే ముందు చూసేది ఖేమిన్ కళ్ళు. జడ వేసుకుందా, అన్నం తిందా, పుస్తకాలు సర్దుకుందా అన్నవన్నీ తరవాత. కంట్లో తెల్లగుడ్డు ఎంత పచ్చబడిందో చూస్తే చాలు, ఆ రోజు సైకిలు మామూలుగా తొక్కొచ్చా, గుంతలు తప్పించుకుంటూ తొక్కాలా, అసలు బడే మానెయ్యాలా అన్నది తేలిపోతుంది.

“రోజూ ఏం చూస్తావే అట్లా, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలాగా?” అంది ఖేమిన్, గడప మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ.

“మామిడికాయ పండిందా లేదా అని.”

“పండిందా మరి?”

“ఇవాళ దోరగా ఉంది. లేచి రా.”

భునేశ్వరి నీళ్ళ సీసా ఎత్తి చూసింది. సగమే ఉంది. కుండ దగ్గరికి వెళ్ళి నింపి మూత బిగించింది. నీళ్ళు తక్కువైతే నొప్పి వస్తుంది. చలి తగిలినా వస్తుంది, అలిసిపోయినా వస్తుంది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే వస్తుంది. ఊళ్ళో దాన్ని సిక్లిన్ అంటారు. పుట్టుకతో వచ్చే జబ్బు. రక్తంలో గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవళ్ళలా వంగి సన్నని నరాల్లో ఇరుక్కుపోతాయని సైన్సు మేడం బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ఆవిడ గీస్తున్నంతసేపూ క్లాసంతా వెనక్కి తిరిగి ఖేమిన్‌ని చూస్తూ కూర్చుంది. భునేశ్వరి మాత్రం తల వంచుకుని బొమ్మ దింపుకుంది.

ప్రభుత్వం ఆడపిల్లలకు ఇచ్చిన సైకిళ్ళు ఇద్దరికీ ఉన్నాయి. కానీ వాటి క్యారియర్లు పేరుకే. మనిషి కూర్చుంటే వంగి చక్రానికి రాసుకుంటాయి. అందుకని భునేశ్వరి తొక్కేది ఖేమిన్ వాళ్ళ అన్న తోరణ్ సైకిలు. ఎత్తయినది, మధ్యలో అడ్డకమ్మీ ఉన్నది. తోరణ్‌కీ ఇదే జబ్బు. రెండేళ్ళ కిందట వానాకాలంలో పోయాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో అతని పేరు ఎవరి నోటా రాలేదు. తల్లి రాంబతి “ఆ సైకిలు” అంటుంది, “ఆ మూల” అంటుంది, “అప్పుడు” అంటుంది. తండ్రి రైసుమిల్లు నుంచి ఊకదుమ్ముతో వచ్చి కాళ్ళు కడుక్కుని, ఆ మూలకి వీపు తిప్పి కూర్చుంటాడు. చాకలికి వెయ్యని అతని చొక్కా ఒకటి ఇంకా కొయ్యకి వేలాడుతోంది. పేరు మాత్రం లేదు.

“మొన్న నేను రానప్పుడు నా హాజరు పలికావా?” వెనక కూర్చుని అడిగింది ఖేమిన్.

“పలికా, గొంతు మార్చి. మేడం కళ్ళజోడు పైనుంచి చూసి, ఖేమిన్ నిలబడు అంది.”

“నువ్వేం చేశావు?”

“నిలబడ్డా.”

ఖేమిన్ నవ్వుతుంటే క్యారియర్ కదిలింది. “ఎన్ని దెబ్బలు?”

“నీకు పడాల్సినవి నాకు, నాకు పడాల్సినవి నాకు.”

ఆ రోజు బడి అయ్యాక ఇద్దరూ దుకల్హిన్ అవ్వ ఇంటికి వెళ్ళారు. ఆ ఏడు ఊరి ఆడపిల్లల బోజలి బుట్టలన్నీ అక్కడే పెట్టారు. కుమ్మరి ఆవంలోంచి తెచ్చిన నల్లమట్టిలో గోధుమలు చల్లి, ఎండ సోకకుండా చీకటి గదిలో ఉంచితే మొలకలు పచ్చదనం లేకుండా పసుపుగా, పొడుగ్గా సాగుతాయి. వాటినే బోజలి అంటారు. రోజూ సాయంత్రం పిల్లలు పసుపునీళ్ళు చిలకరించి పాటలు పాడతారు. రాఖీ మర్నాడు చెరువులో కలుపుతారు. ఆ రోజే, మనసు కలిసిన ఇద్దరు పిల్లలు ఆ మొలకల్లోంచి రెండు తీసి ఒకరి చెవి వెనక ఒకరు దోపుకుంటే, ఇక వాళ్ళు చచ్చేదాకా బోజలి నేస్తాలు. అక్కచెల్లెళ్ళ కన్నా ఎక్కువ. ఒకరి ఇంట్లో పెళ్ళయినా చావయినా రెండో ఇంటికీ అయినట్టే. ఆ రోజు తరవాత ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. ఎదురైతే “సీతారాం బోజలి” అనాలి. పేరు నాలుక మీదికి వస్తే దోషం.

“ఈ ఏడు ఎవరికి ఎవరు?” అని అవ్వ అడిగింది, పసుపునీళ్ళ చెంబు అందిస్తూ.

“నాకు ఖేమిన్,” అంది భునేశ్వరి అందరికన్నా ముందు.

ఖేమిన్ చెంబులో వేళ్ళు ముంచి మొలకల మీద చిలకరిస్తూ, “చూద్దాంలే,” అంది.

“చూసేదేముంది?”

“చూద్దాం అన్నాగా.”

మూలనున్న పిల్ల ఒకతి, “అబ్బ, బుట్టల్లో బోజలి ఎంత పసుపో ఖేమిన్ కళ్ళూ అంత పసుపు. ఇంక వేరే మొలకలెందుకు,” అంది. నవ్వులు లేచాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది ఖేమినే. భునేశ్వరికి అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఈ కబురు భునేశ్వరి ఇల్లు చేరేలోపే ఆమె తల్లి సొహద్రా చెవిన పడింది. వంటింట్లో బియ్యప్పిండి రొట్టె ఆకుల మధ్య పెట్టి నిప్పుల మీద వేస్తూ, తల ఎత్తకుండానే మొదలుపెట్టింది.

“ఆ పిల్లతో బోజలి కడతానన్నావట.”

“అవును.”

“బోజలి అంటే బడిలో పక్కన కూర్చోవడం కాదు నోనీ, పిచ్చి పిల్లా. పెళ్ళికి చీర పెట్టాలి, పురుటికి వెళ్ళాలి. పోతే మనింట్లో మనిషి పోయినట్టే మైల పట్టాలి. పెళ్ళి, పురుడు ఆ పిల్లకి రాసి ఉన్నాయో లేదో ఎవరికి తెలుసు. మూడోది మాత్రం గడపలోనే ఉంది. చూస్తూ చూస్తూ నీ పదిహేనేళ్ళకే ఆ ముడి వెయ్యమంటావా?”

“నువ్వేం మనిషివి అమ్మా.”

“తల్లిని.” సొహద్రా రొట్టె తిరగేసింది. “మన పొలంలో ఒక్క పూట వంగి కలుపు తీయగలిగే పిల్లని తీసుకురా, మీ బోజలికి కొబ్బరికాయ నేనే కొడతా.”

సొహద్రా చెడ్డ మనిషి కాదు. చెడ్డవాళ్ళే ఇలాంటి మాటలంటారని అనుకుంటాం గానీ, రొట్టెలో మాడిన ముక్క తను తీసుకుని మెత్తనిది కూతురికి పెట్టేవాళ్ళూ అంటారు. భునేశ్వరి ఆ మెత్తని ముక్క ముట్టుకోలేదు. తెల్లారి బడికి వెళ్ళే దారిలో, తల్లి మీద కోపంతో, ఆమె అన్న మాటల్లో చావు సంగతి దాచి కలుపు సంగతి మాత్రం ఖేమిన్‌కి చెప్పేసింది. ఎందుకు చెప్పిందో ఆమెకే తెలియదు. కడుపులో పెట్టుకోలేక కక్కేసింది, అంతే. ఖేమిన్ ఊఁ కొట్టి ఊరుకుంది.

ఆదివారం పొద్దున్నే ముసురు పట్టింది. సొహద్రా, భునేశ్వరి, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు నడుముకి కొంగు బిగించి మడిలో దిగారు. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. వరిలో కలిసిపోయి వరిలాగే నటించే కరగా గడ్డిని పీకాలి. మొదలు దగ్గర కొంచెం ఊదా రంగు ఉంటే కరగా, లేకపోతే వరి. ఒక చేత్తో దుబ్బు విడదీసి రెండో చేత్తో వేరుతో సహా లాగి, నీళ్ళలో జాడించి గట్టు మీదికి విసరాలి. మధ్యలో నడుము ఎత్తడానికి ఉండదు.

“నాకో వరస ఇవ్వు కాకీ.”

గట్టు మీద ఖేమిన్. ఆ పిల్లలిద్దరూ ఒకరి తల్లిని ఒకరు కాకీ, అంటే పిన్నీ అనే పిలుస్తారు. పొలం దాకా ఒక్కతే నడిచొచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, తల మీద వానకి ముసుగులా మడిచిన ఎరువుల సంచి.

భునేశ్వరి గబగబా నీళ్ళలో అడుగులేసుకుంటూ వెళ్ళింది. “బుద్ధుందా నీకు? పో ఇంటికి.”

“నిన్ను అడగలేదు. కాకీని అడిగా.”

సొహద్రా నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆ పిల్లని పైకీ కిందకీ చూసింది. ఆ క్షణాన వెళ్ళిపో నోనీ అని ఉంటే ఈ కథ ఉండేది కాదు. మిగతా ఆడవాళ్ళు చూస్తున్నారు. అన్న మాట అన్నదాయె. “నీ ఇష్టం,” అంది.

ఖేమిన్ సొహద్రా పక్క వరసలో దిగింది. మొదట్లో చురుగ్గానే చేసింది. కరగా పీకి చూపించి, “కాకీ, ఇది దొంగా దొరా?” అని అడిగింది. సొహద్రా కూడా “దొంగే, విసిరెయ్యి” అని నవ్వింది. బోజలి పాటలో రెండు చరణాలు అందుకుంటే ఆడవాళ్ళు అందరూ కలిశారు. ముసురు ఆగలేదు. భునేశ్వరి తన వరస వదిలేసి వంకరగా నడుస్తూ పక్కకి చేరి, ఖేమిన్ పెదాలు చూసింది. నీలంగా మారుతున్నాయి.

“ఖేమిన్, ఇంక చాలు.”

“వరస అవనీ.”

“అమ్మా, చూడు దాని పెదాలు.”

సొహద్రా చూసింది. చూసింది, మళ్ళీ వంగింది. ఆ వరస కొసకి ఇంకా కొంచెమే ఉంది, అది అయిపోనీ అనుకుంది. చేతులు ఆగలేదు గానీ చెవులు మాత్రం పక్క వరసలోని నీళ్ళ చప్పుడు మీదే ఉన్నాయి. ఆ చప్పుడు నెమ్మదించింది, కానీ ఆగలేదు. కొసకి వెళ్ళాక ఖేమిన్ గట్టెక్కి, చివరి గుప్పెడు గడ్డి సొహద్రా కాళ్ళ దగ్గర పెట్టింది.

“అయిపోయింది కాకీ.”

అని కూర్చుంది. మళ్ళీ లేవలేకపోయింది.

పక్క పొలం ట్రాక్టరు ట్రాలీలో గడ్డి పరిచి ఆసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా ఖేమిన్ అరవలేదు. నొప్పి వచ్చినప్పుడు ఆమె జడ కొస పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతుంది. భునేశ్వరి ఆమె రెండు మోకాళ్ళూ తన ఒళ్ళో పెట్టుకుని, కుదుపు వచ్చిన చోటల్లా చేతులు అడ్డం వేసింది.

సెలైను పెట్టారు, సూది వేశారు. సూది పని చేసేది కాసేపే. ఆ మధ్యలో వచ్చే నొప్పికి మందు లేదు, మనిషి ఉండాలి. రాంబతి మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చుని, కూతురి మొహం కేసి చూడలేక పాదాలు పట్టుకుని ఉండేది. మూలుగు వినబడితే ఆమె పెదాలు కదిలేవి, మాట వచ్చేది కాదు. ఆమె ఇదంతా ఒకసారి చూసేసింది. మిగతా పనంతా భునేశ్వరిది. అరచేతులు రుద్దుకుని వేడెక్కాక మోకాలి మీద పెట్టడం, చల్లారితే తీసి మళ్ళీ రుద్దడం. చెంచాతో నీళ్ళు పట్టడం. నొప్పి మరీ ఎక్కువైనప్పుడు హాజరు పిలవడం.

అది వాళ్ళిద్దరి ఆట. భునేశ్వరి ముక్కు మీద లేని కళ్ళజోడు సర్దుకుని, మేడం గొంతు పెట్టి వరసగా క్లాసులో పేర్లు పిలుస్తుంది. ఒక్కో పేరుకీ ఆ పిల్ల గొంతుతో ఖేమిన్ జవాబు చెప్పాలి.

“చంద్రిక.”

“హాజర్ మేడం,” అంది ఖేమిన్ సన్నగా, ముక్కుతో.

“టికేశ్వర్.”

“హా...జర్,” బొంగురుగా.

“టికేశ్వర్, చూయింగ్ గమ్ ఉమ్మి రా.” ఖేమిన్ నవ్వబోయి జడ కొరికింది. భునేశ్వరి చేతులు వేగంగా రుద్దుకుంటూ పేర్లు ఆపలేదు. “ఖేమిన్.”

జవాబు లేదు.

“ఖేమిన్.”

కళ్ళు మూసుకునే ఉంది. చెంపల మీద చెమట.

“ఖేమిన్, నీ హాజరు ఈసారి నేను పలకను. దెబ్బలు తినలేను. నువ్వే చెప్పు.”

చాలాసేపటికి, తన సొంత గొంతుతో, “హాజర్,” అంది ఖేమిన్.

వార్డు గుమ్మంలో సొహద్రా నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు. తన కూతురి అరచేతులు ఎర్రగా కంది ఉండటం ఆమెకి అంత దూరం నుంచీ కనిపించింది. కాసేపటికి డబ్బా గుమ్మం పక్కన నేల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

రాఖీ రోజుకి ఖేమిన్ ఇల్లు చేరింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వెయ్యగలుగుతోంది. భునేశ్వరి వెళ్ళేసరికి వరండాలో సైకిలు పక్కన పీట మీద కూర్చుని, హ్యాండిల్‌కి రాఖీ కడుతోంది. ఎర్ర దారం, మధ్యలో చిన్న పూస. కిందటేడు కట్టినది వెలిసిపోయి ఇంకా అక్కడే ఉంది. రాంబతి నీళ్ళ బిందెతో వస్తూ చూసి, చూడనట్టు మొహం తిప్పుకుని లోపలికి వెళ్ళింది.  ముడి వెయ్యడానికి ఖేమిన్ వేళ్ళకి బలం చాలకపోతే భునేశ్వరి వేలు పెట్టి నొక్కి పట్టింది.

మర్నాడు చెరువు గట్టంతా పిల్లలే. నెత్తిన బుట్టలు, చుట్టూ పాటలు. ఖేమిన్‌ని నీళ్ళకి దూరంగా మెట్ల పైన, దుప్పటి కప్పి కూర్చోబెట్టింది భునేశ్వరి. ఆమె బుట్ట కూడా తనే మోసుకెళ్ళి నీళ్ళలో దించి, మట్టి కరిగిపోయాక మొలకల గుత్తి తీసుకుని పైకి వచ్చింది. వచ్చి చూస్తే ఖేమిన్ ముందు సొహద్రా నిలబడి ఉంది. పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, ఒకే రంగు రిబ్బన్లు రెండు జతలు. పండక్కి మాత్రమే కట్టే చీర కట్టుకుంది.

“కాయ నేను కొడతానన్నా కదా నోనీ,” అంది సొహద్రా. మాట గట్టిగానే మొదలై చివర్లో వణికింది. “వరస పూర్తి చేశావు. తప్పు నాది. కూర్చోండి ఇద్దరూ ఎదురెదురుగా.”

భునేశ్వరి అడుగు ఆగింది. తల్లి వైపు చూసింది, ఖేమిన్ వైపు చూసింది. తడి పాదాలతోనే మెట్టు మీద చతికిలబడి, గుత్తిలోంచి మంచి మొలకలు ఏరసాగింది. చుట్టూ ఆడవాళ్ళు మూగారు. దుకల్హిన్ అవ్వ పాట ఎత్తుకోబోయింది.

“నేను కట్టుకోను కాకీ,” అంది ఖేమిన్.

అవ్వ పాట గొంతులోనే ఆగింది. ఎవరో పక్కనే, “చూడు పొగరు. సొహద్రా దిగొస్తే ఈ పిల్ల ఎక్కి కూర్చుంది,” అన్నారు.

సొహద్రా పళ్ళెం కింద పెట్టింది. “నా మీద కోపమా?”

“లేదు కాకీ. ఒట్టు.” ఖేమిన్ దుప్పటిలోంచి చెయ్యి చాపి, భునేశ్వరి ఏరిన మొలకల్లోంచి ఒకటి తీసుకుని, ఎలాగో లేచి నిలబడి సొహద్రా చెవి వెనక దోపింది. పెద్దవాళ్ళకి అలా ఇచ్చి దీవెన తీసుకోవడం ఆనవాయితీ. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే సొహద్రా వంగనివ్వలేదు. రెండు భుజాలూ పట్టుకుని కూర్చోబెట్టింది. ఏం దీవించాలో ఆమెకి తోచలేదు. నూరేళ్ళు అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తల మీద చెయ్యి మాత్రం పెట్టింది. కాసేపటికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే కదిలారు. పిల్లలిద్దరే మిగిలారు.

భునేశ్వరి చేతిలో మొలకలు నలిగిపోతున్నాయి. “ఇంతమందిలో నా పరువు తీశావు. మా అమ్మని ఒప్పించడానికి చావుదాకా వెళ్ళొచ్చావు, ఇప్పుడు వద్దంటావా?”

“కాకీ నన్ను పనికిరానిదాన్ని అనుకోకూడదని వెళ్ళా. అది వేరు, ఇది వేరు.”

“నాతో కట్టుకోవడం ఇష్టం లేదా నీకు?”

“బోజలి అయితే నువ్వు నా పేరు పలకకూడదు కదే.”

“అందరూ అంతేగా.”

“అందరికీ పేరు పిలిచేవాళ్ళు వేరే ఉంటారు.” ఖేమిన్ చెరువు వైపు చూస్తూ చెప్పింది. “మా ఇంట్లో చూశావుగా. అన్నయ్య చొక్కా ఉంది, సైకిలుంది, పేరు లేదు. రాఖీ కట్టేటప్పుడు కూడా లోపలే అనుకోవాలి. నేను పోతే మా అమ్మ నా పేరూ అట్లాగే మింగేస్తుంది. ఆమె తప్పు కాదు, ఆమె వల్ల కాదు. నువ్వు కూడా దోషమని నోరు మూసుకుంటే ఇంకెవరు పిలుస్తారు నన్ను?”

భునేశ్వరి ఏడ్చింది. అట్లా మాట్లాడకు అని తిట్టింది. డాక్టరు ఏమన్నాడు, మందులు వేసుకుంటే యాభై ఏళ్ళు బతికినవాళ్ళున్నారు అనలేదా అంది. ఖేమిన్ అన్నిటికీ తల ఊపింది.

“బతుకుతాలే. బతికినన్ని రోజులూ కూడా పిలువు. నాకు నువ్వు మేడం గొంతుతో పిలిస్తే ఇష్టం.”

భునేశ్వరి మొలకలు మెట్టు మీద పెట్టేసింది. ముక్కు తుడుచుకుంది. “ఖేమిన్,” అంది. మేడం గొంతు రాలేదు, తన గొంతే వచ్చింది.

“హాజర్.”

ఇంటికి వెళ్ళేటప్పుడు ఖేమిన్ మళ్ళీ సైకిలు వెనక కూర్చుంది. భునేశ్వరి ప్రతి గుంతా తప్పించుకుంటూ తొక్కింది. హ్యాండిల్ మీద రాఖీ పూస గంటకి తగిలి టిక్కుటిక్కుమంటోంది. వెనకనుంచి నడుము చుట్టూ వేసిన చెయ్యి ఇంకా వెచ్చబడలేదు.

వరండాలో రాంబతి చేటతో బియ్యం చెరుగుతోంది. ఖేమిన్‌ని దింపి, అరుగు మీద కూర్చోబెట్టి, దుప్పటి సరిచేసి, భునేశ్వరి సైకిలు పట్టుకుని నిలబడింది. రోజూ ఆ సైకిలు ఏ స్తంభానికో ఆనించి వెళ్ళిపోయేది. ఇవాళ కదల్లేదు.  ఖేమిన్ వైపు ఒకసారి చూసింది.

“కాకీ,” అంది. “తోరణ్ అన్నయ్య సైకిలు ఎక్కడ పెట్టమంటావు?”

చేట ఆగింది. ఎగరేసిన బియ్యం కొన్ని చేటలో పడలేదు, నేల మీద రాలాయి.  అరుగు మీద ఖేమిన్ దుప్పటి అంచు పట్టుకుంది. తిడుతుందనుకుంది భునేశ్వరి. ఇంకెప్పుడూ గడప తొక్కొద్దంటుందేమో అనుకుంది.

రాంబతి చేట పక్కన పెట్టి, రాలిన గింజలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏరుతూ, ఎప్పటినుంచో వాడని గొంతుతో, “ఆ గోడ పక్కన పెట్టమ్మా,” అంది. “హ్యాండిలు లోపలికి తిప్పి. తోరణ్ అట్లాగే పెట్టేవాడు, సీటు తడవకుండా.”

భునేశ్వరి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి హ్యాండిలు లోపలికి తిప్పి పెట్టింది.